తండ్రి సమ్మతి – పిల్లల క్షేమం: అనీ బిసెంట్, నారాయణయ్య వ్యాజ్యంపై ఒక విమర్శ

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• పిల్లలను అప్పగించడానికి, శాశ్వతంగా వదులుకోవడానికి ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• 1914 నాటి ప్రీవీ కౌన్సిల్ తీర్పులోని సూత్రాలను, లోపాలను విడివిడిగా చెప్పగలుగుతారు.
• కన్నవారి సమ్మతిని, పిల్లల క్షేమాన్ని పరీక్షించడానికి నేటి చట్టం ఏ కొలతలు వాడుతోందో తెలుసుకుంటారు.

1. ప్రస్తావన

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో వానలు మొహం చాటేసిన ఏడు పల్లెలు సగం ఖాళీ అవుతాయి. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలు గుంటూరు ప్రాంతానికి సుగ్గికి పోతాయి. బడికి పోయే పిల్లలను అవ్వ దగ్గరో, మేనమామ ఇంట్లోనో విడిచి వెళతారు. నాలుగు నెలల తర్వాత ఆ తల్లి తిరిగివస్తే, "నీ బిడ్డను నాకు ఇచ్చేసినావు కదా" అని మేనమామ అనడు. అంటే ఊరు ఒప్పుకోదు. బిడ్డను అప్పగించడం వేరు, వదులుకోవడం వేరు అన్న సంగతి చట్టం చదవని వారికి కూడా తెలుసు.

అయితే అప్పగింత నాలుగు నెలలు కాక నాలుగేళ్లు సాగితే? బిడ్డ మేనమామ ఇంటికే అలవాటు పడి, "నేను రాను" అంటే? పెంచినవారు బాగా కలిగినవారై, కన్నవారు పూట గడవని వారైతే? అప్పుడు ఎవరి మాట చెల్లాలి? దత్తత వివాదాలన్నింటిలోనూ ఉండే ప్రశ్న ఇదే.

దీనిని పరిశీలించడానికి కడప గడ్డతో సంబంధం ఉన్న ఒక వ్యాజ్యాన్ని ఎంచుకున్నాం. వాది జిడ్డు నారాయణయ్య. ప్రతివాది దివ్యజ్ఞాన సమాజ అధ్యక్షురాలు అనీ బిసెంట్. వివాదం ఆయన ఇద్దరు కొడుకులు కృష్ణమూర్తి, నిత్యానందల గురించి. ఇది దత్తత వ్యాజ్యం కాదు, సంరక్షకత్వానికి సంబంధించినది. కాని దత్తతలో ఎదురయ్యే రెండు ప్రశ్నలూ ఇందులో ఉన్నాయి. కన్నతండ్రి ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చునా? పిల్లల క్షేమాన్ని ఎవరు, ఎలా నిర్ణయించాలి?

2. వ్యాజ్యం పూర్వాపరాలు

కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో జన్మించాడు. ఆ ఊరు అప్పట్లో కడప జిల్లాలో ఉండేది. తల్లిదండ్రులకు ఎనిమిదో సంతానం కావడంతో ఆ పేరు పెట్టారు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖ ఉద్యోగి. ఉద్యోగరీత్యా కుటుంబం కడపలో కొంతకాలం ఉంది. కడప అప్పట్లో మలేరియాకు పేరుపడిన ఊరు. పసితనంలోనే కృష్ణమూర్తికి ఆ జ్వరం పట్టుకుని చాలాకాలం పీడించింది. 1905 డిసెంబరులో తల్లి సంజీవమ్మ కడపలోనే మరణించింది. అప్పటికి కృష్ణమూర్తికి పదేళ్లు, నిత్యానందకు ఏడేళ్లు.

1907 చివర నారాయణయ్య పదవీ విరమణ చేశాడు. పింఛను నెలకు 112 రూపాయలు, అంటే జీతంలో సగం. తల్లిలేని పిల్లలు, పెద్ద సంసారం. ఆయన 1880ల నుంచి దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. మద్రాసు దగ్గర అడయారులోని సమాజ కేంద్రంలో పని ఇప్పించి నివాసం కల్పించమని అనీ బిసెంట్‌కు రాశాడు. ఆమె మొదట నిరాకరించింది. చివరకు ఆయన అక్కడ సహాయ కార్యదర్శిగా కుదిరి, 1909 జనవరిలో పిల్లలతో అడయారు చేరాడు. వారికి దొరికింది ఆవరణ వెలుపల సరైన సౌకర్యాలు లేని ఇల్లు.

ఆ ఏడే సమాజ నాయకుడు లెడ్‌బీటర్ అడయారు సముద్రతీరంలో కృష్ణమూర్తిని చూశాడు. ఈ బాలుడు రాబోయే జగద్గురువుకు వాహకం అవుతాడని ప్రకటించాడు. పిల్లలను బడి మాన్పించి సమాజంలోనే చదువు చెప్పించారు. 1910 మార్చి 6న నారాయణయ్య ఒక లేఖపై సంతకం చేసి, ఇద్దరు పిల్లలకూ అనీ బిసెంట్‌ను సంరక్షకురాలిగా అంగీకరించాడు. 1911లో, తిరిగి 1912లో ఆమె వారిని ఇంగ్లండు తీసుకువెళ్లింది.

లెడ్‌బీటర్ ప్రవర్తనపై అంతకుముందే ఆరోపణలు ఉన్నాయి. పిల్లలను ఆయనకు దూరంగా ఉంచాలని నారాయణయ్య పట్టుబట్టాడు. అది జరగడం లేదని, కొడుకుకు దైవత్వం ఆపాదిస్తున్నారని ఆక్షేపించి, 1912 అక్టోబరులో చెంగల్పట్టు జిల్లా కోర్టులో దావా వేశాడు. అది మద్రాసు హైకోర్టుకు బదిలీ అయింది. తండ్రి తరఫున సి.పి. రామస్వామి అయ్యర్ వాదించాడు. అనీ బిసెంట్ తన వాదన తానే వినిపించుకుంది.

3. సమ్మతి పత్రాన్ని ఎలా చదవాలి?

న్యాయస్థానాలు ఏమన్నాయో చూసే ముందు 1910 నాటి లేఖ దగ్గర కాసేపు ఆగుదాం. సంతకం నారాయణయ్యదే. ఆయన చదువుకున్నవాడు, రెవెన్యూ కాగితాల మధ్య జీవితం గడిపినవాడు. ఏం రాసి ఉందో తెలియక చేసిన సంతకం కాదు. ఈ కారణంగా ఆయన సమ్మతి స్వచ్ఛందమైనదేనని చాలామంది తేల్చివేస్తారు.

కాని సమ్మతిని సంతకంతో మాత్రమే కొలవకూడదు. సంతకం చేసే నాటికి ఆ మనిషి ఎక్కడ నిలబడి ఉన్నాడో చూడాలి. అనీ బిసెంట్ ఆయనకు ఉద్యోగం ఇచ్చిన యజమానురాలు. తలదాచుకున్న ఇల్లు ఆమె సమాజానిది. అంతకుమించి ఆమె ఆయనకు ఆధ్యాత్మిక గురుస్థానంలో ఉన్న వ్యక్తి. పిల్లలు అప్పటికే ఆమె మనుషుల ఆధీనంలో చదువుకుంటున్నారు. పని, ఇల్లు, విశ్వాసం మూడూ ఒకరి చేతిలోనే ఉన్నప్పుడు ఆ ఒకరికి "కుదరదు" అని చెప్పడం ఎంత కష్టమో మీరు ఊహించగలరు. బలవంతం అనడానికి కర్ర ఎత్తనక్కరలేదు.

మరో వైపు కూడా చూడాలి. నారాయణయ్యకు ఈ ఏర్పాటు వల్ల ప్రయోజనం ఉంది. పిల్లలకు చదువు, తిండి, వైద్యం దొరికాయి. జగద్గురువు కాబోయే కొడుకుకు తండ్రిననే గౌరవం కూడా ఆయనను ఆకర్షించి ఉండవచ్చు. ఆయనను కేవలం బాధితుడిగా చిత్రిస్తే విమర్శ ఒకవైపు ఒరుగుతుంది. ఇక్కడ మనం చెప్పగలిగింది ఇంతే: ఆ సమ్మతి అబద్ధం కాదు, అలాగని స్వేచ్ఛగా ఇచ్చినదీ కాదు. ఇటువంటి సమ్మతికి తిరుగులేని బలం ఇవ్వడం న్యాయం కాదు.

ఈ పత్రంలో కనిపించని వ్యక్తి సంజీవమ్మ. ఆమె బతికి ఉన్నా అప్పటి చట్టం ఆమెను అడిగేది కాదు. హిందూ ధర్మశాస్త్రం ప్రకారం సహజ సంరక్షకుడు తండ్రి. 1913లో రాసుకున్న జ్ఞాపకాల్లో కృష్ణమూర్తి తన బాల్యంలోని సంతోషాన్ని తల్లితోనే ముడిపెట్టాడు. పిల్లవాడి మనసులో అంత చోటున్న మనిషికి వ్యాజ్యంలో చోటు లేదు.

4. మద్రాసు హైకోర్టు తీర్పు

జస్టిస్ బేక్‌వెల్ 1913 ఏప్రిల్ 15న తీర్పు చెప్పాడు. తండ్రి చేసిన తీవ్రమైన ఆరోపణలు రుజువు కాలేదన్నాడు. అయినా లెడ్‌బీటర్ అభిప్రాయాలు పిల్లలకు గురువుగా ఉండదగినవి కావని తేల్చాడు. పిల్లలను తండ్రికి అప్పగించమని ఆదేశించాడు. రుజువు కాని ఆరోపణలు చేసినందుకు వ్యాజ్యం ఖర్చులు మాత్రం తండ్రి మీదనే వేశాడు. అదే ఏడు అక్టోబరులో అప్పీలు కూడా అనీ బిసెంట్‌కు వ్యతిరేకంగానే ముగిసింది.

ఈ తీర్పులో మెచ్చదగిన అంశం ఒకటుంది. పలుకుబడి ఉన్న ప్రతివాదిని చూసి న్యాయస్థానం తడబడలేదు. కన్నతండ్రి పేదవాడైనంత మాత్రాన అతని హక్కు తగ్గదని గుర్తించింది. లోపం కూడా అంతే స్పష్టంగా ఉంది. పిల్లలు అప్పుడు ఇంగ్లండులో ఉన్నారు. కృష్ణమూర్తికి పద్దెనిమిదేళ్లు నిండబోతున్నాయి. వారిని ఎవరూ ఏమీ అడగలేదు. వారి తరఫున విడిగా వాదించినవారు లేరు. ఇద్దరు పెద్దల మధ్య పొలం తగాదా తీర్చినట్టు ఈ వివాదం తీరింది. పొలం అయితే మాట్లాడదు, పిల్లలు మాట్లాడగలరు.

5. ప్రీవీ కౌన్సిల్ తీర్పు

1914 మే నెలలో ప్రీవీ కౌన్సిల్ మద్రాసు తీర్పును కొట్టివేసింది. లార్డ్ పార్కర్ వెలువరించిన ఆ తీర్పులోని ముఖ్యాంశాలను మన మాటల్లో చెప్పుకుందాం.

(అ) తండ్రి సంరక్షకత్వం ఒక పవిత్రమైన బాధ్యత. తాను బతికి ఉండగా దానిని మరొకరికి బదిలీ చేసే వీలు లేదు.
(ఆ) పిల్లల పోషణ, చదువు మరొకరికి అప్పగించవచ్చు. కాని ఆ అప్పగింత ఎప్పటికైనా రద్దు చేసుకోదగినదే. పిల్లల క్షేమం కోరినప్పుడు, ఎటువంటి ఒప్పందం ఉన్నా తండ్రి వారిని తిరిగి తీసుకోవచ్చు.
(ఇ) అయితే ఆ అప్పగింత వల్ల పిల్లలకు కొత్త అనుబంధాలు, ఆశలు ఏర్పడి, వాటిని చెదరగొట్టడం వారికి మేలు కాదనిపిస్తే, న్యాయస్థానం జోక్యం చేసుకుని రద్దును అడ్డుకోవచ్చు.
(ఈ) పిల్లల ప్రయోజనాలు, వారి ఇష్టం తెలుసుకోకుండా, వారికి ప్రాతినిధ్యం లేకుండా, ఇంగ్లండు నుంచి రప్పించమని ఆదేశించడం తప్పు.
(ఉ) పిల్లలు చెంగల్పట్టు జిల్లాలో నివసించడం లేదు కనుక, అక్కడ దావా వేయడమే చెల్లదు. తండ్రి కావాలంటే ఇంగ్లండులోని హైకోర్టును ఆశ్రయించవచ్చు.

ఇందులో (అ), (ఆ), (ఈ) అంశాలు నేటికీ నిలబడే సూత్రాలు. కన్నవారి సంతకం బిడ్డను వస్తువుగా మార్చదని, బిడ్డ గొంతు వినకుండా బిడ్డ క్షేమం తేల్చలేమని అవి చెబుతున్నాయి. 1914లో ఒక సామ్రాజ్య న్యాయస్థానం ఈ మాట అనడం చిన్న విషయం కాదు. కాని సూత్రం మంచిదైనంత మాత్రాన ఫలితం న్యాయమవుతుందా? ఈ పాఠంలో అసలు విమర్శ ఇక్కడ మొదలవుతుంది.

6. విమర్శ

6.1 కాలం ఎవరి పక్షం?

(ఆ) అంశం తండ్రికి ఇచ్చినదాన్ని (ఇ) అంశం తిరిగి తీసుకుంది. పిల్లలకు కొత్త అనుబంధాలు ఎప్పుడు ఏర్పడతాయి? కాలం గడిచినకొద్దీ. కాలం ఎవరి ఇంట్లో గడుస్తోంది? పిల్లలను పెట్టుకున్నవారి ఇంట్లో. వ్యాజ్యం ఎంత సాగితే పెంచినవారి వాదన అంత బలపడుతుంది. 1910లో సంతకం, 1912లో దావా, 1914లో తుది తీర్పు. ఈ నాలుగేళ్లూ తండ్రికి నష్టం, ప్రతివాదికి లాభం. న్యాయస్థానాల ఆలస్యం ఒక పక్షానికి సాక్ష్యంగా మారింది.

దీనికి పరిష్కారం పిల్లల అనుబంధాలను లెక్కచేయకపోవడం కాదు. అలా చేస్తే శిక్ష పడేది పిల్లలకే. సమ్మతిని తిరిగి తీసుకోవడానికి ముందుగానే నిర్ణీతమైన గడువు ఉండాలి. ఆ గడువులో తండ్రిగాని తల్లిగాని "వద్దు" అంటే వెంటనే విచారణ జరగాలి. ఈ ఏర్పాటు అప్పటి చట్టంలో లేదు.

6.2 పిల్లల ఇష్టం ఎక్కడి నుంచి వచ్చింది?

తల్లిని పోగొట్టుకున్న పిల్లవాడిని పద్నాలుగో ఏట ఒక గొప్ప సమాజం చేరదీసి, "నీవే జగద్గురువు కాబోతున్నావు" అని రోజూ చెబుతుంటే, అతని ఇష్టం ఏమై ఉంటుంది? ఇష్టాన్ని అడగడం అవసరమే. అది ఎవరి నీడలో పెరిగిందో విచారించడం కూడా అంతే అవసరం. పిల్లలను ఇరుపక్షాలకూ దూరంగా, తటస్థమైన చోట ఉంచి అడగాలి. ప్రీవీ కౌన్సిల్ మొదటి విషయాన్ని చెప్పి, రెండోదాన్ని వదిలేసింది.

ఇష్టం మారుతుందన్న సంగతి కూడా గమనించండి. 1929 ఆగస్టులో హాలండులోని ఒమ్మెన్ సభలో, తన కోసం ఏర్పడిన సంస్థను కృష్ణమూర్తి తానే రద్దు చేశాడు. ఏ పాత్ర కోసం అతన్ని తండ్రి నుంచి వేరు చేసి పెంచారో, ఆ పాత్రనే ముప్పై నాలుగో ఏట వద్దన్నాడు.

6.3 తలుపు తెరిచి ఉంది, దారి ఏది?

ఇంగ్లండులోని న్యాయస్థానానికి వెళ్లవచ్చునని చెప్పడం చట్టరీత్యా సరైనదే. నెలకు 112 రూపాయల పింఛనుదారు లండనులో న్యాయవాదిని పెట్టుకోగలడా? పిల్లలను సముద్రం దాటించినది ప్రతివాది. ఆ దాటింపు వల్లే మద్రాసు న్యాయస్థానానికి అధికారం లేకుండా పోయింది. అంటే పిల్లలను దూరం తీసుకువెళ్లగల శక్తి ఉన్నవారే న్యాయస్థానాన్ని కూడా ఎంచుకోగలిగారు. నేడు అంతర్దేశ దత్తతలపై ఇన్ని నియమాలు ఎందుకో ఈ ఒక్క అంశం నుంచే మీరు అర్థం చేసుకోవచ్చు.

6.4 ఫలితాన్ని బట్టి తీర్పును మెచ్చుకోవచ్చునా?

ఈ వ్యాజ్యం గురించి అడిగితే చాలామంది విద్యార్థులు ఇలా రాస్తారు: "కృష్ణమూర్తి ప్రపంచ ప్రఖ్యాత తత్త్వవేత్త అయ్యాడు. కాబట్టి తీర్పు సరైనదే." ఈ వాదనను మీరు జాగ్రత్తగా పరీక్షించాలి. వ్యాజ్యం ఇద్దరు పిల్లల గురించి. నిత్యానంద 1925లో, ఇరవై ఏడేళ్ల వయసులో, క్షయవ్యాధితో అమెరికాలో మరణించాడు. ఒక కొడుకు కీర్తి తీర్పును సమర్థిస్తే, రెండో కొడుకు అకాలమరణం దాన్ని ఖండించాలి. నిజానికి రెండూ చేయవు. నిర్ణయం జరిగిన నాడు ఏ విషయాలు తెలుసో, వాటిని ఎంత శ్రద్ధగా పరిశీలించారో, ఎవరి మాట విన్నారో వాటిని బట్టే నిర్ణయం మంచిచెడ్డలు తేలాలి. తర్వాతి జీవితం న్యాయమూర్తి చేతిలో లేదు.

"ధనికుల ఇంట్లో పెరిగితే బాగుపడుతుంది కదా" అన్న మాటకూ ఇదే సమాధానం. ఆ కొలత ఒప్పుకుంటే కరువు సీమలోని ఏ తల్లికీ తన బిడ్డపై హక్కు మిగలదు.

6.5 చరిత్ర ఎవరు రాశారు?

ఈ ఉదంతం మనకు ఎక్కువగా తెలిసింది మేరీ లుట్యెన్స్ రాసిన జీవితచరిత్ర ద్వారా. ఆమె పత్రాలను శ్రద్ధగా సేకరించింది, లెడ్‌బీటర్ లోపాలను దాచలేదు. కాని ఆమె, ఇంగ్లండులో ఆ పిల్లలకు తల్లిలా మసలిన ఎమిలీ లుట్యెన్స్ కూతురు. కథ సహజంగానే పిల్లలు చేరిన ఇంటి గుమ్మం నుంచి కనిపిస్తుంది. వారు విడిచిపోయిన ఇంట్లో తండ్రి ఎలా ఉన్నాడన్నది చదువరికి అంతగా అందదు. జీవితచరిత్ర చదివేటప్పుడు రచయిత ఎక్కడ కూర్చుని చూస్తున్నారో గమనించడం విమర్శకుల మొదటి పని.

7. నేటి చట్టం ఈ లోపాలను సరిదిద్దిందా?

హిందూ దత్తత, మనోవర్తి చట్టం 1956లో వచ్చింది. దీని ప్రకారం చెల్లుబాటైన దత్తతను రద్దు చేయలేరు. దత్తతకు బదులుగా డబ్బు ఇవ్వడం, తీసుకోవడం నేరం. 2010 సవరణతో బిడ్డను దత్తత ఇచ్చే హక్కు తల్లికీ తండ్రితో సమానంగా వచ్చింది. ఒకరు ఇవ్వాలంటే సాధారణంగా రెండోవారి సమ్మతి కావాలి. సంజీవమ్మ లాంటి తల్లులకు చట్టంలో చోటు దొరకడానికి ఇంతకాలం పట్టింది. మన ప్రాంతపు ఇల్లటం ఆచారాన్ని దీనితో పోల్చి చూడండి. ఇల్లటపు అల్లుడు అత్తవారింట కొడుకులా ఉంటూనే కన్నవారింటి హక్కును పోగొట్టుకోడు. దత్తతలో మాత్రం ఆ బంధం తెగిపోతుంది. తెగిపోయే బంధం కనుకనే సమ్మతిని మరింత గట్టిగా పరీక్షించాలి.

సంస్థల ద్వారా జరిగే దత్తతల విషయంలో, 1984లో లక్ష్మీకాంత్ పాండే వ్యాజ్యంలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. ఇప్పుడు 2015 నాటి బాలల న్యాయ చట్టం అమల్లో ఉంది. బిడ్డను పోషించలేని తల్లిదండ్రులు శిశు సంక్షేమ సమితి ముందు హాజరు కావాలి. సమితి వారికి కౌన్సెలింగ్ ఇవ్వాలి. పత్రం రాసిన తర్వాత మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఉంటుంది. 6.1లో మనం కోరిన గడువు ఇదే.

కాని చట్టం కాగితంపై ఉన్నంత మాత్రాన చాలదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001 నాటికి, పేద లంబాడీ కుటుంబాల ఆడశిశువులు హైదరాబాదులోని కొన్ని దత్తత సంస్థలకు చేరిన తీరు బయటపడింది. తల్లుల వేలిముద్రలతో వదులుకోలు పత్రాలు సిద్ధంగా ఉన్నాయి. వాటిలో ఏముందో ఆ తల్లులకు తెలుసునా అన్నది ప్రశ్న. నారాయణయ్య చదివి సంతకం చేశాడు, వీరికి ఆ అవకాశం కూడా లేదు. పేదరికం, ఆడపిల్ల కావడం వంటి కారణాలతో పిల్లలను వదులుకోవడాన్ని అనుమతించకూడదని ప్రభుత్వం ఆ ఏడు ఉత్తర్వు ఇచ్చింది. బిడ్డను వదులుకునే పరిస్థితి రాకుండా కుటుంబానికి ఆసరా ఇవ్వడం మొదటి మెట్టు; దత్తత చివరి మెట్టు.

8. సారాంశం

నారాయణయ్య వ్యాజ్యం నుంచి మనం మూడు సంగతులు నేర్చుకోవచ్చు. మొదటిది, సమ్మతి అంటే సంతకం కాదు. తెలిసి, ఆధారపడే స్థితి లేకుండా, ప్రతిఫలం లేకుండా, ఆలోచించుకునే వ్యవధితో ఇచ్చిన మాట. రెండోది, పిల్లల క్షేమం అంటే ఎక్కువ సంపద ఉన్న ఇల్లు కాదు. ఆ బిడ్డ అనుబంధాలు, భద్రత, అభిప్రాయం కలిసిన లెక్క. మూడోది, ఈ రెండూ ఢీకొన్నప్పుడు బిడ్డ క్షేమానిదే పైచేయి కావాలి. కాని ఆ ఘర్షణ ఆలస్యం వల్ల, దూరం వల్ల, ఒకరి బలం వల్ల పుట్టినదైతే, దానికి బాధ్యులెవరో కూడా తీర్పు చెప్పాలి. ప్రీవీ కౌన్సిల్ మొదటి రెండింటికీ దారి చూపింది. మూడోదాని విషయంలో సగం దగ్గరే ఆగిపోయింది.

9. మీ ప్రగతిని పరీక్షించుకోండి

(అ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. 1910 మార్చి 6 నాటి లేఖ ఎవరు, ఎవరికి ఇచ్చారు?
2. మద్రాసు తీర్పులో తండ్రి గెలిచినా ఖర్చులు ఆయనపై పడడానికి కారణమేమి?
3. 2015 బాలల న్యాయ చట్టంలోని రెండు నెలల గడువు ఉద్దేశం ఏమిటి?

(ఆ) వ్యాసరూప ప్రశ్నలు
1. "ఆలస్యం ఒక పక్షానికి సాక్ష్యంగా మారింది" – ప్రీవీ కౌన్సిల్ తీర్పు ఆధారంగా చర్చించండి.
2. సుగ్గికి వెళ్లిన తల్లిదండ్రులు మూడేళ్లపాటు తిరిగి రాలేకపోయారు. బిడ్డను సాకిన మేనమామ ఇప్పుడు దత్తత కోరుతున్నాడు. తల్లిదండ్రులు ఒప్పుకోవడం లేదు. బిడ్డకు తొమ్మిదేళ్లు. న్యాయమూర్తి స్థానంలో మీరుంటే ముందుగా ఏయే విషయాలు విచారిస్తారు? ఎవరిని, ఎక్కడ, ఏమని అడుగుతారు? కారణాలతో రాయండి.